చెరువు కట్ట కింద కాపురం: తిరుపతి, చిత్తూరు గిరిజనులు, మారిన వానలు

మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుంటే ఇది: తిరుపతి, చిత్తూరు జిల్లాల్లోని గిరిజనుల మీద వాతావరణ మార్పు ప్రభావం నిజంగా కనిపిస్తోందా, కనిపిస్తే తమ సంప్రదాయ జ్ఞానంతో వాళ్ళు దాన్ని ఎలా తట్టుకుంటున్నారు, దీని మీద పరిశోధన చేయదలచిన విద్యార్థిని ఎక్కడ మొదలుపెట్టాలి. శ్రీకాళహస్తి, సత్యవేడు, సూళ్ళూరుపేట ప్రాంతాల్లోని యానాది, ఇరుళ కాలనీల్లో 26 ఏళ్ళుగా తిరుగుతున్నవాడిగా నాకు తెలిసింది చెబుతాను. మొదటి భాగానికి నా జవాబు అవుననే. రెండో భాగంలో మీరు వాడిన ‘సంప్రదాయ జ్ఞానం’ అన్న మాట దగ్గర మాత్రం కొంచెం ఆగి మాట్లాడుకోవాలి.

ముందుగా, గిరిజనులు అనగానే అరకు, పాడేరు బొమ్మ మనసులో మెదిలితే దాన్ని కాసేపు పక్కన పెట్టండి. కొండ కొమ్మున ఊరు, చుట్టూ పోడు, వారానికో సంత, ఊరంతా ఒకే తెగ అనే దృశ్యం మన జిల్లాల్లో అరుదు. ఇక్కడ సంఖ్యలో పెద్ద తెగ యానాదులు. 2011 జనాభా లెక్కల నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వాళ్ళు 5 లక్షలకు పైగా ఉన్నారు. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడి సూళ్ళూరుపేట, నాయుడుపేట ప్రాంతాలు ఇందులో కలిసినప్పుడు పాత నెల్లూరు జిల్లా యానాది కాలనీలు ఎన్నో మన లెక్కలోకి వచ్చాయి. వాళ్ళు కాక తమిళనాడు సరిహద్దు మండలాల్లో ఇరుళులు, ఊరూరా కొద్ది ఇళ్ళుగా ఎరుకలవాళ్ళు, పడమటి మండలాల తండాల్లో సుగాలీలు ఉన్నారు. యానాది కాలనీ చాలాచోట్ల ఊరికి అవతల, చెరువు కట్ట కింద, కాలువ పోరంబోకులో, లేకపోతే ఏటి గట్టు మీద ఉంటుంది. ఊరివాళ్ళు ఎవరూ ఇల్లు కట్టుకోని చోటు అది. అక్కడ ఎందుకు కట్టుకోరో పెద్ద వాన వచ్చిన రోజున అర్థమవుతుంది.

చట్టం దృష్టిలోనూ వీళ్ళది అలాంటి చోటే. రాజ్యాంగం అయిదో షెడ్యూలు కింద ప్రకటించిన ఏజెన్సీ ప్రాంతాలు శ్రీకాకుళం నుంచి గోదావరి జిల్లాల వరకే ఉన్నాయి గనుక ఏజెన్సీలో గిరిజనుల భూమికి ఉండే రక్షణ మన జిల్లాల్లో లేదు. చెంచులు, కొండరెడ్లు వంటి తెగలను ప్రత్యేకంగా బలహీనమైన ఆదివాసీ సమూహాలుగా గుర్తించారు, యానాదులను గుర్తించలేదు. అందువల్ల 2023 నవంబర్ 15న కేంద్రం ఆ సమూహాల కోసం మొదలుపెట్టిన పీఎం జన్‌మన్ పథకంలో యానాది కాలనీకి చోటు లేదు. ఇక పంచాయతీలో వీళ్ళు ఎప్పుడూ అల్పసంఖ్యాకులే. మూడు తలుపులూ మూసుకున్న ఈ స్థితిని గమనించకుండా ‘వాతావరణ మార్పుకు అనుకూలించుకోవడం’ అని ఎంత రాసినా అది కాగితం మీదే మిగులుతుంది.

ఇప్పుడు వాన సంగతి. మన తూర్పు మండలాలకు నైరుతి కంటే ఈశాన్య రుతుపవనాల మీద ఆశ ఎక్కువ. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పడే వానకే చెరువులు నిండాలి. కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో వెలువరించిన అంచనా ప్రకారం ఉష్ణమండల హిందూ మహాసముద్రపు ఉపరితల ఉష్ణోగ్రత 1951 నుంచి 2015 మధ్య సుమారు 1 డిగ్రీ పెరిగింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు. అంటే మూడు నెలల మీద ముసురు పట్టి నిదానంగా కురవవలసిన వాన, కొన్ని ఏళ్ళలో రెండు మూడు వాయుగుండాలతో కుమ్మరించి పోవడానికి, మిగిలిన రోజులు ఒట్టిపోవడానికి అవకాశం పెరుగుతోంది. 2015 నవంబర్‌లోనూ, 2021 నవంబర్‌లోనూ, 2023 డిసెంబర్‌లో బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ తుపాను సమయంలోనూ మనం చూసింది ఇదే. ఏదో ఒక వానను పట్టుకుని ఇది వాతావరణ మార్పే తెచ్చింది అని నేను అనను, మీరూ మీ పరిశోధనలో అనవద్దు. వానలు పడే తీరు మొత్తంగా ఎటు జరుగుతోంది అన్నంత వరకే ఆ మాట నిలబడుతుంది.

2021 నవంబర్ మూడో వారం తిరుపతిలో ఉన్నవాళ్ళెవరూ మరచిపోరు. వీధుల్లో ఏరులు పారాయి, స్వర్ణముఖి పొంగింది, రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని దిగువ ఊళ్ళను ఖాళీ చేయించారు. నగరం సంగతి అందరూ రాశారు. ఆ వారంలోనే నేను వెళ్ళిన ఒక కాలనీ చెరువు మొరవకు దిగువన ఉండేది, అంటే చెరువు నిండి మొరవ పారితే నీళ్ళు ముందు వచ్చేది ఆ గుడిసెల్లోకే. 22 గుడిసెల్లో 9 గుడిసెల గోడలు కూలిపోయాయి. ఒకావిడ బడి వరండాలో కూర్చుని ఒడిలో మూడంతస్తుల స్టీలు క్యారియర్ పెట్టుకుని ఉంది. అన్నం తెచ్చుకుందేమో అనుకున్నాను. మూత తీస్తే అడుగు గిన్నెలో పాలిథీన్ కవరులో చుట్టిన రేషన్ కార్డు, ఆధార్ కార్డులు, పై గిన్నెలో పిల్లల కుల ధ్రువపత్రాలు, అన్నిటికంటే పైన ఒక అగ్గిపెట్టె ఉన్నాయి. “బియ్యం తడిస్తే ఎండబెట్టుకుంటాం సార్, కార్డు తడిస్తే మళ్ళా ఎవురిస్తారు?” అంది. 2015 వానల్లో కార్డు పోగొట్టుకుని, కొత్తది చేతికి రావడానికి ఆమె రెండేళ్ళు తిరిగింది. తుపాను హెచ్చరిక వినగానే కాగితాలు క్యారియర్‌లో సర్దడం ఇప్పుడు ఆ కాలనీలో ప్రతి ఇంటి అలవాటు. అనుకూలన పద్ధతుల గురించి నేను చదివిన ఏ నివేదికలోనూ ఈ క్యారియర్ లేదు, నన్నడిగితే మొదటి పేజీలో ఉండవలసింది అదే. వరద సాయం పేరు ఉన్నవాళ్ళకే వస్తుంది, పేరు కాగితంలోనే ఉంటుంది.

ఇక సంప్రదాయ జ్ఞానం. అది ఉంది, చాలా ఉంది; వంద ఏళ్ళకు పైగా దాని గురించి రాస్తూనే ఉన్నారు. అయితే ఆ జ్ఞానమంతా ఒక కాలమానానికి ముడిపడి ఉంటుంది, ఆ కాలమానమే ఇప్పుడు జరిగిపోతోంది. వేసవి చివర మొదటి గట్టి వాన పడ్డ సాయంత్రం పుట్టల నుంచి ఉసిళ్ళు, అంటే రెక్కలొచ్చిన చెదపురుగులు, లేస్తాయి. గుంత తీసి, దగ్గర దీపం పెట్టి, వాలిన ఉసిళ్ళను ఊడ్చి, రెక్కలు చెరిగి వేయించి బొరుగులతో తినడం యానాది ఇళ్ళలో పండగ లాంటిది, పనులు లేని ఆ రోజుల్లో అది మంచి బలమైన తిండి కూడా. ఏ పుట్ట ఎప్పుడు లేస్తుందో ముందే చెప్పగల పెద్దవాళ్ళు నాకు తెలుసు. అలాంటి ఒక పెద్దాయన ఈ మధ్య వరుసగా మూడేళ్ళు తప్పు చెప్పాడని మనవలు ఎగతాళి చేస్తుంటే ఆయన నవ్వి ఊరుకున్నాడు. మార్చిలో అకాల వాన పడి కొన్ని లేచిపోయి, తరువాత నెలన్నర ఎండ కాస్తే మిగిలినవి ఎప్పుడు లేస్తాయో ఎవరు చెప్పగలరు?

ఎలుకల వేట మరింత స్పష్టమైన ఉదాహరణ, పైగా ఇది జీతం తెచ్చే నైపుణ్యం. వరి గట్ల మీద ఎలుక కలుగులు దొరికితే యానాది మనిషి ముందు గట్టంతా నడిచి, మడమతో తడుతూ బోలు శబ్దం వింటాడు. ఒక్క కన్నం తప్ప మిగిలినవన్నీ బురదతో మూసేస్తాడు. అడుగున చిల్లి ఉన్న మట్టికుండలో ఎండుగడ్డి కూరి నిప్పు వేసి, కుండ మూతిని కన్నానికి ఆనించి చిల్లి లోంచి ఊదుతాడు. పొగకు మత్తెక్కిన ఎలుకలను గడ్డపారతో తవ్వి తీస్తాడు. రైతు తోకల లెక్కన డబ్బిస్తాడు. మాంసం ఇంటికి, కలుగులో ఎలుక దాచుకున్న వడ్లూ ఇంటికే. మా పరిసరాల్లో కోతల కాలంలో కొన్ని కుటుంబాలకు ఈ కలుగు వడ్లే నెల తిండి. నవంబర్‌లో చేలు వారం పది రోజులు మునిగితే కలుగులు నీట కలిసిపోతాయి, మిగిలిన ఎలుకలు మెరక తోటల్లోకి పోతాయి, రైతు మళ్ళీ నాట్లు వేసుకుంటే కోతలు నెల వెనక్కి పోతాయి. “ఎలకలు ఏ గట్టుకు పోయినాయో మాకే తెలీదు సార్, వాన వాటినీ వెళ్ళగొట్టె” అన్నాడు ఒకతను. దానికి తోడు రైతులు ఎర మందు వాడకం పెంచారు. మందు తిన్న ఎలుకను ఇంటికి తీసుకుపోలేరు. ఇందులో వాన పాత్ర ఎంత, మందు పాత్ర ఎంత అని విడదీయడం కష్టం, ఆ కుటుంబానికి ఆ విభజన అవసరం కూడా లేదు. పరిశోధకురాలిగా మీకు అవసరం.

పులికాట్ వైపు వెళితే ఇదే చిక్కు ఇంకా పెద్దది. చిలికా తరువాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇది, అధిక భాగం మన రాష్ట్రంలోనే ఉంది. ఒకప్పుడు శ్రీహరికోట దీవి యానాదుల ఆవాసం. 1969లో రాకెట్ కేంద్రానికి దాన్ని ఎంపిక చేశాక అక్కడి కుటుంబాలు దీవి వదిలి రావలసి వచ్చింది. సముద్రానికీ సరస్సుకూ మధ్యనున్న ఆ దీవి అడవిని ఎవరికంటే బాగా ఎరిగినవాళ్ళు నేడు గట్టు మీది కాలనీల్లో కూలి చేసుకుంటున్నారు. సరస్సులో వలలు వేసే హక్కులు, వంతులు మత్స్యకార గ్రామాలవి. యానాదులు, ఇరుళులు మోకాటి లోతు నీళ్ళలో బురదను చేతులతో తడుముతూ రొయ్యలు, పీతలు పట్టి బతుకుతారు. సముద్రపు ముఖద్వారాలు ఇసుకతో పూడి, వాన రాని ఏళ్ళలో సరస్సు అంచులు ఎండి ఉప్పు తేలినప్పుడు ముందు పోయేది ఈ అంచు నీళ్ళే. పడవ ఉన్నవాడు లోతుకు పోతాడు, పడవ లేనివాడికి సరస్సు అక్కడితో అయిపోయినట్టే. ఇసుక నేలల్లో తాగునీటికి తవ్వుకునే దొరువుల్లోనూ ఉప్పదనం పెరిగిందని ఆడవాళ్ళు చెబుతారు. సముద్రమట్టం పెరగడం దీనికి ఒక కారణం కావచ్చు, కానీ 1990ల నుంచి తీరం వెంట విస్తరించిన రొయ్యల గుంటలను మరచి ఆ మాట అనడం అన్యాయం. 1996 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు తీర నియంత్రణ మండలంలోని రొయ్యల సాగు మీద కఠినమైన తీర్పు ఇచ్చింది. 2005లో తీర ఆక్వాకల్చర్ చట్టం వచ్చి సాగుకు మళ్ళీ చట్టబద్ధమైన దారి చూపింది. ఆ గుంటల కాపలాకు ఇప్పుడు ఉండేది తరచుగా యానాది కుటుంబమే.

అడవి గురించి తక్కువ చెబుతాను, ఎందుకంటే మన ప్రాంతంలో అడవిని ఆధారం చేసుకున్న గిరిజనులు తక్కువ. తలకోన, భాకరాపేట చుట్టుపక్కల, శేషాచలం అంచుల్లో తేనె, నన్నారి వేళ్ళు, ఉసిరి, కుంకుడు, చీపుళ్ళకు ఈతాకు సేకరించే కుటుంబాలు ఉన్నాయి. ఎండలు ముదిరిన ఏళ్ళలో అడవికి నిప్పు అంటుకుంటోంది. 2014 మార్చిలో తిరుమల కొండల్లో మంటలు లేచినప్పుడు ఆర్పడానికి వాయుసేన హెలికాప్టర్లు రావలసి వచ్చింది. పూత కాలంలో అకాల వాన పడితే కొండతేనె తగ్గుతుంది. అయితే నాకు తేనె తీసేవాళ్ళు చెప్పే మొదటి బాధ వాన గురించి కాదు, ఎర్రచందనం దొంగల వేటలో తమను అడవిలో ఎవరు చూసినా అనుమానించడం గురించి. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో కాల్పుల్లో చనిపోయిన 20 మంది తమిళనాడు కూలీల్లో జవ్వాది కొండల గిరిజనులు ఉన్నారని గుర్తుంచుకోండి. మెట్ట సేద్యం ఎండిపోయిన కొండల నుంచే గొడ్డలి కూలికి మనుషులు దొరుకుతారు.

సుగాలీ తండాల పరిస్థితి వేరు, వాళ్ళకు కొంత భూమి ఉంది. వేరుశనగ ఒక్కదాన్నే నమ్ముకుని పూత దశలో వాన ఎగబెట్టినప్పుడు వరుసగా నష్టపోయినవాళ్ళు బెంగళూరు దారి పట్టారు. కొందరు మాత్రం ప్రకృతి సేద్యంలో భాగంగా తొలకరికి ముందే పొడి దుక్కిలో నవధాన్యాలు చల్లి, ఎంత కొద్ది వాన పడినా నేల మీద ఏదో ఒక పచ్చదనం ఉండేలా చూసుకుంటున్నారు. కొర్ర, సామ, రాగి మళ్ళీ కనిపిస్తున్నాయి. ఇక్కడ ‘అనుకూలన’ అన్న మాట నిజంగా సరిపోతుంది, ఎందుకంటే నిర్ణయం తీసుకోవడానికి వాళ్ళ చేతిలో నేల ఉంది.

నేల లేనివాళ్ళ అనుకూలనకు మా దగ్గర వేరే పేరుంది, అడ్వాన్స్. వేట లేదు, కోత లేదు, గుడిసె కూలింది అనుకున్న డిసెంబర్‌లో ఇటుక బట్టీ మేస్త్రీయో, జామాయిల్, సవక తోటలు కొట్టించే కాంట్రాక్టరో వచ్చి కుటుంబానికి ఇరవై ముప్పై వేలు చేతిలో పెడతాడు. సంక్రాంతికి ముందే కుటుంబం మొత్తం బట్టీకి పోతుంది, బడిలో ఉన్న పిల్లలతో సహా. అక్కడ పని జనవరి నుంచి జూన్ దాకా, అంటే సరిగ్గా ఎండలు ముదిరే నెలల్లో. పగలు నిలబడలేక రాత్రి రెండు గంటలకు లేచి ఇటుక కోసి పొద్దెక్కేసరికి ముగిస్తారు. అది కూడా ఎండకు వాళ్ళు కనిపెట్టుకున్న ఉపాయమే. వేసవిలో అకాల వాన వచ్చి పచ్చి ఇటుక కరిగిపోతే ఆ నష్టం బాకీ పుస్తకంలో కూలీ పేరునే పడుతుంది. వెట్టి చాకిరీ నిర్మూలన చట్టం 1976 నాటిది. దాని కింద విడుదలైన కుటుంబాలను మళ్ళీ రెండేళ్ళకు అదే రకం బట్టీలో చూసిన సందర్భాలు నాకు ఉన్నాయి. నావైపు నుంచి కూడా ఒక తప్పు ఒప్పుకోవాలి: మొదటి పదేళ్ళు మేము కుటుంబాలను బట్టీల నుంచి విడిపించడం మీదే శ్రద్ధ పెట్టాం, తిరిగి వచ్చిన మనిషి ఎక్కడ పడుకుంటాడు, డిసెంబర్‌లో ఏం తింటాడు అన్నది ఆలోచించలేదు.

నిలదొక్కుకున్న ఉదాహరణలు లేవా అంటే ఉన్నాయి, వాటిలో ఒక పోలిక కనిపిస్తుంది. సరిహద్దుకు అవతల తమిళనాడులోని వడనెమ్మేలిలో ఇరుళులు 1978లో పాములు పట్టేవారి సహకార సంఘం పెట్టుకున్నారు. 1972 వన్యప్రాణి చట్టం తరువాత పాము చర్మాల వ్యాపారం ఆగిపోయి బతుకుతెరువు పోయినవాళ్ళు, అదే నైపుణ్యంతో పామును పట్టి, విషం తీసి మళ్ళీ అడవిలో వదిలే పద్ధతికి మారారు. దేశంలో పాముకాటు మందు తయారీకి ఆ విషం పోతుంది. 2023లో ఇద్దరు ఇరుళ పాముల నిపుణులకు, వడివేల్ గోపాల్, మాసి సదయన్‌లకు, పద్మశ్రీ వచ్చింది. అక్కడ జ్ఞానం పాతదే, కొత్తగా వచ్చింది అనుమతి, సంఘం, కొనేవాడు. మా వైపు ఒక చిన్న ఊరి కుంటలో చేపల హక్కు యానాది మహిళల సంఘానికి దక్కింది. మొదటి ఏడాది వాళ్ళు చేప పిల్లలను వదిలిన వారానికే కుంట పొంగి సగం చేపలు పోయాయి. రెండో ఏడాది వాళ్ళంతట వాళ్ళే మొరవకు అడ్డంగా వెదురు దడి కట్టారు, చేప పిల్లలను ఈశాన్య వానలు సర్దుకున్నాక వదిలారు. నాలుగేళ్ళుగా ఆ కాలనీ నుంచి బట్టీకి పోయిన కుటుంబాలు రెండే. దడి కట్టడం వాళ్ళకు ఎవరూ నేర్పలేదు. కుంట తమది అయ్యేదాకా కట్టవలసిన అవసరం రాలేదు, అంతే.

అందుకే మీ పరిశోధన జ్ఞానాన్ని నమోదు చేయడంతో మొదలుపెట్టవద్దు, కాలనీ ఎక్కడుందో గుర్తించడంతో మొదలుపెట్టండి. ఒక మండలం తీసుకుని ప్రతి యానాది, ఇరుళ కాలనీని పటం మీద పెట్టి, దానికి ఎగువన ఏ చెరువు ఉంది, మొరవ ఎటు పారుతుంది, ఇళ్ళ స్థలం పట్టానా పోరంబోకా, 2015, 2021, 2023 వానల్లో ఎన్ని రోజులు బడిలో తలదాచుకున్నారు అని రాసుకోండి. అటవీ హక్కుల చట్టం 2006 ఏజెన్సీ కాని ప్రాంతాలకూ వర్తిస్తుంది గనుక, 2005 డిసెంబర్ 13 నాటికి అడవిని ఆధారం చేసుకుని ఉన్న కుటుంబాలు తలకోన వైపు ఎవరున్నారో, సామూహిక హక్కులకు గ్రామసభ తీర్మానం ఎప్పుడైనా జరిగిందో అడగండి. బట్టీలకు పోయేవాళ్ళను కలవాలంటే ఆగస్టు, సెప్టెంబర్ నెలలు మంచివి. ఫిబ్రవరిలో వెళితే కాలనీలో ముసలివాళ్ళు, కుక్కలు తప్ప ఎవరూ ఉండరు, వాళ్ళనే చూసి జనాభా రాసుకుని పోయిన బృందాలు కూడా ఉన్నాయి. ఇంటికి వెళ్ళినప్పుడు వానలు ఎలా మారాయి అని నేరుగా అడిగితే మీకు నచ్చుతుందనుకున్న జవాబే చెబుతారు. పోయిన ఏడు ఉసిళ్ళు ఎప్పుడు లేచాయి, కలుగు వడ్లు ఎన్ని బస్తాలు వచ్చాయి, అడ్వాన్స్ ఏ నెలలో తీసుకున్నారు అని అడగండి. తుపాను హెచ్చరిక ఉన్న వారంలో వెళ్ళగలిగితే క్యారియర్ ఎక్కడ పెట్టారో కూడా చూపిస్తారు.